పద్నాలుగో వరుస

మొదటివాడు డారెన్.
బూట్లతోనే బాత్రూమ్‌లోకి వచ్చి
నడుం మీద చేతులేసుకుని కప్పు వైపు చూసి
"పద్దెనిమిది, అటూ ఇటూగా" అన్నాడు.
పద్దెనిమిది వేలా అని నేనడిగేలోపే
పెయింటు కొన్న రసీదు వెనక
ఆ అంకె రాసి, కింద రెండు గీతలు లాగి
బల్లరాట్ చలిలోకి వెళ్లిపోయాడు.

అటు ఎంత? ఇటు ఎంత?
ఇటు అనేది ఎప్పుడూ ఉండదని
మా హేమాద్రికి తప్ప అందరికీ తెలుసు.
"మంచివాడే, కుక్కని కూడా ముద్దు చేశాడు" అంటాడు.
నోటి మాట నీటి మూట.
ఇప్పటికే గోడ కారుతోంది,
ఇంకో మూట ఎందుకన్నాను.

నాది ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం.
పేరు లేని రక్తపు గొట్టం వస్తే,
తేదీ లేకపోతే,
ఎంత ఎర్రగా ఉన్నా వెనక్కి పంపేస్తాను.
డాక్టర్లు ఫోన్లో కసురుతారు. కసరనీ.
అలాంటిదాన్ని
ఆ రసీదు ముక్కని ఫ్రిజ్ తలుపుకి
అనాసపండు అయస్కాంతం కింద
వారం రోజులు దాచుకున్నాను.

రెండోది మెయిల్లో వచ్చింది. ఏడు పేజీలు, రంగుల లోగో.
మొదటి పేజీలో నా పేరు తప్పు.
చివరి పేజీలో నా సంతకానికి చోటు.
నడుమ అయిదు పేజీలూ "ఇందులో చేరనివి".
పాత పలకలు పీకడం చేరదు.
పీకిన చెత్త మోయడం చేరదు.
నీళ్లు ఇంకకుండా పూసే పూత, దాని సర్టిఫికెట్,
కరెంటు పని, జీఎస్టీ,
తలుపు తిరిగి బిగించడం.
తలుపు కూడానా!
హాస్టల్ పులిహోరలో జీడిపప్పు వెతికినట్టు
చేరినదేమిటో వెతుక్కున్నాను.

మా మేనత్త కూరల బండి దగ్గర
తూకం అయ్యాక చెయ్యి చాపేది, కొసరు కోసం.
ఒక పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు.
ఇక్కడ కొసరు తిరగబడింది.
చాపేది వాళ్లు, వేసేది నేను.

మూడోవాడు జ్లాట్కో, అరవై దాటినవాడు.
బూట్లు గుమ్మంలో విప్పాడు,
సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు.
పుచ్చకాయ బేరమాడేవాడిలా
గోడని వేలి కణుపులతో తట్టి చెవి ఆనించాడు.
"బకెట్టు పెట్టుకుని పోసుకుంటారా?
అయితే కుళాయి కిందకి, వాలు ఇటువైపు."
ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు.

రెండు పేజీలు. వాళ్లావిడ టైపు చేసిందట.
పలకలెన్ని, ఎవరు కొంటారు, చెత్త ఎవరు మోస్తారు,
ఏ రోజు మొదలు, ఏ పని అయ్యాక ఎంత డబ్బు.
పద్నాలుగో వరుసలో:
"గోడ వెనక ఏముందో తెలియదు.
తెరిచాక చూపిస్తాను.
కర్ర కుళ్లితే మీటరుకి నూట నలభై.
మీరు సరే అన్నాకే."

"అయిదు వేలు ఎక్కువ కదే" అన్నాడు హేమాద్రి.
నేను ఆ వరుస మీదే వేలు పెట్టి ఉంచాను.
తెలియదు అన్న మాటకి ధర రాసినవాణ్ణి
ఇదివరకు చూడలేదు.
మా ల్యాబులో కూడా ఆ మాట రాయాలంటే
పెన్ను కాసేపు ఆగుతుంది.

జూలైలో గోడ తెరిచి నన్ను పిలిచాడు.
బూజు. వేలు గుచ్చితే దిగిపోయే కర్ర.
దానిపైన, గట్టిగా మిగిలిన దూలం మీద
పెన్సిలుతో ఎవరిదో లెక్క.
పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు.
మూడు వరుసలు, కింద గీత,
గీత కింద ఏమీ లేదు.
వాన వచ్చిందో, బేరం చెడిందో,
ఇంటావిడ భోజనానికి పిలిచిందో.
జ్లాట్కో చాలాసేపు చూశాడు,
దాన్ని తుడవలేదు.

టేపు ఒక కొస నాకిచ్చాడు.
రెండు మీటర్ల పది సెంటీమీటర్లు, అన్నాను.
మళ్లీ కొలిచాడు. అంతే.
"రెండే రాస్తాను" అన్నాడు.

ఆ పదికి మా భాషలో ఒక మాటుందని
చెప్పబోయి, ఇంగ్లీషు దొరక్క,
కెటిల్‌లో నీళ్లు పోశాను.